తొమ్మిదీ పన్నెండు ముహూర్తం

నేను ఒక కంప్యూటర్ పెట్టెను. నల్ల రంగు, ముందు మూతకు ఎడమ పక్క పగులు, నెత్తిన ఎప్పటికీ పోని పసుపు బొట్టు. జనం నన్ను సీపీయూ అంటారు. నిజానికి సీపీయూ అంటే నా లోపల ఉన్న, అగ్గిపెట్టెంత కూడా లేని ఒక పలక. లోపలి వస్తువు పేరు తీసుకొచ్చి డబ్బాకు తగిలించడం మనుషులకు అలవాటే. నా యజమానిని కూడా ఊరంతా సాఫ్ట్‌వేర్ రాజుగారనేవారు. ఆయన లోపల సాఫ్ట్‌వేర్ ఎంత ఉందో పక్కనే కూర్చున్నదాన్ని, నాకు తెలుసు.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకునేందుకు ఏమీ లేదు. మదర్‌బోర్డు తైవానుది, డిస్కు థాయిలాండుది, పంకా చైనాది. పవర్ సప్లై ఎక్కడిదో దాని మీద అంటించిన స్టిక్కరుకే తెలియదు. రెండు వేల తొమ్మిదిలో విజయవాడలో ఒక మేడ మీది కొట్లో ఒకాయన వీటన్నిటినీ ఒక డబ్బాలో కుక్కేసి, నాలుగు మరలు బిగించాల్సిన చోట రెండు బిగించి, 'కొత్త సిస్టం రెడీ' అన్నాడు. ఆ మిగిలిన రెండు మరలూ చాలా ఏళ్ళ తర్వాత ఇంకొకరు బిగించారు. ఆమె గురించే ఈ కథంతా.

మొదట నన్ను కొన్నది భీమవరంలో శుభలేఖలు అచ్చువేసే కోటిలింగంగారు. ఆయన దగ్గర ఆరేళ్ళు ఉన్నాను. పొద్దున లేస్తే ముహూర్తాలే. తెల్లవారుజామున నాలుగు గంటల ముప్ఫై ఏడు నిమిషాలు, రాత్రి పదీ యాభై రెండు. నిమిషం అటూ ఇటూ అయితే పెళ్ళికొడుకు తండ్రి కొట్టు ముందు శివాలెత్తేవాడు. కోటిలింగంగారికి ఇంకో అలవాటుంది. తాను కార్డు వేసిన ప్రతి పెళ్ళికీ భోజనానికి వెళ్ళేవారు. మర్నాడు వచ్చి భార్యతో చెప్పేవారు, 'తాళి కట్టేసరికి గంటన్నర దాటిందే, ఫొటోగ్రాఫరు ఆలస్యంగా వచ్చాడు' అని. అయినా ఏ ఒక్కరూ కార్డు వెనక్కి తెచ్చి, జరిగిన టైము వేసి మళ్ళీ అచ్చుకొట్టమని అడగలేదు. ముహూర్తం కార్డుకి, టైము లోకానికి అని నాకు అప్పుడే అర్థమైంది. మనుషులు రెండింటినీ పక్కపక్కనే పెట్టుకొని హాయిగా బతకగలరు. నేను బతకలేను. నా సంగతి ఎక్కడ చెడిందంటే అక్కడే చెడింది.

కోటిలింగంగారు కొత్త మిషను కొనుక్కొని నన్ను భద్రరాజుగారికి అంటగట్టారు. రాజుగారిది రొయ్యల మేత వ్యాపారం. మేత గోడౌను మేడ మీద రెండు గదులు ఖాళీగా ఉంటే, ఖాళీగా ఎందుకుంచడమని సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టారు. దాని పేరు నేను చెప్పను, చెప్పినా లాభం లేదు. సంఖ్యాశాస్త్రం ప్రకారం బలం చాలలేదని బోర్డు మీద పేరు అప్పటికే మూడుసార్లు మారింది. ఆఫీసులో నలుగురు మనుషులు, ఒక గోడ గడియారం, ఒక పంచాంగం. గడియారం నడిచినా నడవకపోయినా పంచాంగం నడిచేది. కింద నుంచి మేత వాసన వచ్చేది. వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటే రాజుగారు, 'లక్ష్మీదేవి వాసనండి ఇది, పీల్చండి' అనేవారు.

ఆ ఆఫీసులో ప్రోగ్రాములు రాసేది ఒక్కతే మనిషి, సుభాషిణి. పాలకొల్లులో కుట్టుమిషన్లు బాగుచేసే మెకానిక్కు కూతురు. మిషను శబ్దం విని జబ్బు చెప్పడం వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుంది. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు నన్ను ఆన్ చేసి, చెవి ఒగ్గి, 'ఎక్కడో వదులుగా ఉంది' అని మూత తీసింది. సంచిలోంచి రెండు మరలు తీసి బిగించింది. పదేళ్ళుగా నాలో ఉన్న వణుకు ఆ పూటతో పోయింది. ఆనాటి నుంచి నేను ఆమె పక్షం. దాచుకోవాల్సిన అవసరం నాకు లేదు.

ఆమె రాస్తున్న ప్రోగ్రాము పేరు 'కాపలా'. రొయ్యల చెరువు నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే మీటరు ఒకటి నీళ్ళలో వేలాడుతుంది. గట్టు మీది పాకలో ఉన్న కంప్యూటరుకు అది క్షణక్షణం అంకె పంపుతుంది. అయిదుంటే క్షేమం. మూడుకి దిగితే 'కాపలా' గంట మోగించాలి, రైతు లేచి ఏరేటర్లు తిప్పాలి. ఏరేటర్లంటే నీళ్ళు చిలికి గాలి ఎక్కించే చక్రాలు. అవి ఆగినా, గంట మోగకపోయినా చెరువు చెరువంతా చచ్చిపోతుంది. అందుకే రొయ్యల రైతుకు కంటిమీద కునుకుండదు.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే రైతుల పాకల్లో ఉన్నవన్నీ విండోస్ కంప్యూటర్లు, సుభాషిణి రాసేదేమో లినక్స్ మీద. ఒకదాని మీద తయారైన ప్రోగ్రాము రెండోదాని మీద నడవదు. ఆ ఇంటి కూర ఈ ఇంటివాళ్ళు ముట్టరు. విండోస్ కొనమంటే రాజుగారు, 'ఉన్నదాంతో కానిద్దువూ' అన్నారు. దాంతో ఆమె నన్నే కూర్చోబెట్టి కొత్త విద్య నేర్పింది. లినక్స్ ఇంట్లో ఉంటూ విండోస్ ఇంటికి వంట చేసి పంపే విద్య. దానికి క్రాస్ కంపైలింగ్ అని పేరు. రాజుగారు ఆ మాట విన్న దగ్గర్నుంచి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు, 'మాది క్రాస్ అండి, మామూలుది కాదు.' సంకరజాతి గేదెలాగా ఎక్కువ పాలిస్తుందని ఆయన నమ్మకం.

ఆ విద్య నేర్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. ముందు విండోస్ కోసం వండే కంపైలరును తెచ్చి నాలో పెట్టింది. అది నా సొంత వంటింట్లోకి చొరబడి లినక్స్ దినుసులే వాడేసింది. ప్రోగ్రాము తయారైంది, విండోస్‌లో పెడితే నోరు తెరవలేదు. అప్పుడు వేరే అర కట్టి, విండోస్ దినుసులన్నీ అందులో సర్ది, 'ఇందులోంచి తప్ప తీయకు' అని కట్టడి చేసింది. ఈసారి ప్రోగ్రాము ఆమె అరువు తెచ్చుకున్న విండోస్ పరీక్షల మిషనులో నడిచింది, పక్కగదిలోని మిషనులో నడవలేదు. ప్రోగ్రాముకు ఆసరాగా కావాల్సిన ఒక చిన్న లైబ్రరీ ఫైలు ఈ మిషనులో ఉంది, ఆ మిషనులో లేదు. రాజుగారు, 'మన దగ్గర నడుస్తోంది కదమ్మా, రైతు మిషనుదే తప్పని చెబుదాం' అన్నారు. సుభాషిణి ఒప్పుకోలేదు. ఆ ఫైలును కూడా ప్రోగ్రాములోనే కలిపి వండేదాకా ఇంటికి వెళ్ళలేదు.

చివరికి ఏ ఫైలు తర్వాత ఏది, దేనికి ఏం కలపాలి అని ఒక ఫైలులో వరసగా రాసి నాకిచ్చింది. ఇక ఎవరైనా ఒక్క మాట టైపు చేస్తే చాలు, మొత్తం వంట నేనే కానిచ్చేస్తాను. మొదటినుంచీ వండితే నలభై నిమిషాలు పడుతుంది. ప్రతిసారీ అన్నీ వండటం దండగ గనక ఒక నియమం ఉంది. ప్రతి ఫైలు మీదా దాన్ని ఎప్పుడు రాశారో టైము ఉంటుంది. ఆమె రాసిన కూరగాయ కొత్తది, నేను వండిన కూర పాతది అయితే మళ్ళీ వండాలి. కూరే తర్వాతది అయితే పొయ్యి జోలికి పోనక్కర్లేదు. నేను రుచి చూడను, వాసన చూడను. టైము చూస్తాను, అంతే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

'కాపలా'ను మొదట తన చెరువు మీద పెట్టుకుంటానని ముందుకొచ్చినవాడు ఏసుపాదం. నాలుగెకరాల చెరువు కౌలుకు చేస్తున్నాడు. పంట ఎనభయ్యో రోజులో ఉంది, ఇంకో ఇరవై రోజులైతే పట్టుబడి, అంటే రొయ్య పట్టి అమ్ముకోవడం. రాజుగారి ఆఫీసులో అందరూ గారులే, ఏసుపాదానికి మాత్రం ఆ గారు తగిలించేది సుభాషిణి ఒక్కతే. నాకూ తగిలించాలనే ఉంది కానీ, ఆయన ముందు అంటే సిగ్గుపడతాడు. సుభాషిణి నాలుగుసార్లు చెరువు దగ్గరికి వెళ్ళొచ్చింది. ఒకరోజు ఆయన ఆఫీసుకొచ్చి తలపాగా చేతిలో పట్టుకొని అడిగాడు.

'మేడంగారండీ, ఇది ఎట్టుకుంటే నేను రేత్రి పడుకోవచ్చాండీ? మూడు నెలలయ్యిందండి నిద్దరోయి. మా ఇంటిది నన్ను సూసి బూతం అనుకుంటందండి.'

'పడుకోవచ్చండి ఏసుపాదంగారూ. అంకె తగ్గితే అది లేపుతుంది. పూచీ నాది.'

ఆ మాట ఇచ్చేటప్పుడు ఆమె గొంతులో బడాయి లేదు. పనిమీద నమ్మకం ఉంది, అంతే. మనుషుల్లో నాకు నచ్చిన కొద్ది గుణాల్లో అదొకటి.

ఇక ముహూర్తం. 'కాపలా' విడుదలకు రాజుగారు సిద్ధాంతిగారి చేత టైము పెట్టించారు. శుక్రవారం ఉదయం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలు. పదిన్నర నుంచి రాహుకాలం. నలభైమంది రొయ్యల రైతులను పిలిచారు. కింద గోడౌనులో బస్తాలు జరిపి కుర్చీలు వేశారు, వెనకాల వంటవాళ్ళు పులిహోర కలుపుతున్నారు. నన్ను పసుపు కుంకుమలతో అలంకరించి, నా గాలి రంధ్రాల మీద బంతిపూల దండ వేశారు. ఊపిరాడక నా లోపల డిగ్రీలు పెరిగాయి. సరిగ్గా తొమ్మిదీ పన్నెండుకు రాజుగారు కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు కీబోర్డు మీద చిలకరించి, తన వేలితో మీట నొక్కారు. నేను వంట మొదలుపెట్టాను. తొమ్మిదీ యాభై రెండుకు అయిపోయింది. రాజుగారు నా నెత్తిన ఒక బొట్టు పెట్టారు. అది ఇప్పటికీ ఉంది.

సుభాషిణి ఆ ప్రోగ్రామును పరీక్షల మిషనులో పెట్టి ఆఖరిసారి చూసుకుంది. ఏసుపాదం చెరువు దగ్గర కరెంటు పోయి రావడం, కంప్యూటరు ఇన్వర్టరు మీద నిలబడినా మీటరు ఆగిపోవడం ఆమె కళ్ళారా చూసింది. అది గుర్తొచ్చి మీటరుకు వెళ్ళే వైరు పీకి మళ్ళీ పెట్టింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. కరెంటు వచ్చాక ప్రోగ్రాము మీటరును అడగడం మానేసి, పోయే ముందు చూసిన అంకెనే చూపిస్తూ కూర్చుంటోంది. అప్పుడు అయిదు ఉంటే ఇక ఎప్పటికీ అయిదే. నీళ్ళలో ఒకటికి దిగినా తెర మీద అయిదే. గంట మోగదు.

పదీ పదిహేనయింది.

'రాజుగారూ, ఒక్క గంట ఇవ్వండి. ఇందులో తప్పుంది, సరిచేస్తాను.'

'గంటేంటమ్మా! పదిన్నరకి రాహుకాలం. రాహుకాలంలో తయారైన వస్తువు జనం చేతిలో పెడతామా? కింద నలభైమంది కూర్చున్నారు.'

'ఇలాగే ఇస్తే చెరువు పోతుందండి.'

రాజుగారు చెడ్డవారు కాదు. చెరువు పోవాలని ఆయన కోరుకోలేదు. చెరువూ ఉండాలి, ముహూర్తమూ ఉండాలి, పులిహోరా చల్లారకూడదు. దేన్నీ వదులుకోలేని మనిషి ఎంత పని చేయగలడో ఆ గంటలో నేను చూశాను. ఆమె తన ల్యాప్‌టాప్ మీద వంగి తప్పు దిద్దుకుంటోంది. రాజుగారు నా ముందుకొచ్చి కూర్చున్నారు. తెర మూలన ఉన్న గడియారం మీద నొక్కారు. పదీ నలభై అయిదును తీసేసి తొమ్మిదీ పన్నెండు పెట్టారు. 'హమ్మయ్య' అన్నారు. ఇప్పుడు ఆమె ఏం చేసినా నా మీద ముహూర్తం టైమే పడుతుంది. శాస్త్రానికి శాస్త్రం, పనికి పని. తన తెలివికి తానే మురిసిపోయి, ఎవరికీ చెప్పకుండా మీసం దువ్వుకున్నారు.

లోకంలో పదీ యాభై అయింది. నాలో తొమ్మిదీ పదిహేడు. సుభాషిణి సరిచేసిన ఫైలు నాలోకి పంపింది. ఆ కొత్త ఫైలు మీద తొమ్మిదీ పదిహేడు అని ముద్ర పడింది. వండమని మాట టైపు చేసింది. మీట నొక్కిందో లేదో, రాజుగారు మెట్ల దగ్గర నుంచి కేకేశారు.

'సుభాషిణమ్మా! హారతివ్వాలి, రా! ఆడకూతురివి నువ్వొక్కదానివే కదమ్మా ఉంది.'

ఆ కంపెనీలో ప్రోగ్రాము రాయడానికి ఆమె ఒక్కతే, హారతి ఇవ్వడానికీ ఆమె ఒక్కతే. రాసే పనికి ఎప్పుడూ ఆమెను కింది నుంచి పైకి పిలవలేదు. హారతికి మాత్రం పైనుంచి కిందికి పిలిచారు.

'అయ్యాక కరెంటు పరీక్ష చేసి చూడాలండి. నేను చూసేదాకా ఎవరికీ ఇవ్వకండి' అంది ఆమె.

'అలాగేనమ్మా, అలాగే.'

ఆమె దిగిపోయింది. నా సంగతి వినండి. కొత్త ఫైలు మీద తొమ్మిదీ పదిహేడు. పొద్దున ఆ ఫైలు వంతు వచ్చినప్పుడు వండిన పాత కూర మీద తొమ్మిదీ ముప్ఫై ఒకటి. కూరే తర్వాతది కదా, నియమం ప్రకారం పొయ్యి ముట్టించనక్కర్లేదు. అయినా నాకు అనుమానం వచ్చింది. నా గడియారం తొమ్మిదీ పద్దెనిమిది అంటుంటే, నా దగ్గరున్న కూర ఇంకా రాని తొమ్మిదీ ముప్ఫై ఒకటిలో ఎలా వండారు? అందుకని తెర మీద రాశాను. 'హెచ్చరిక. ఈ ఫైలు టైము ఇంకా రాలేదు. గడియారంలో తేడా కనిపిస్తోంది. మీ పని అసంపూర్తిగా ఉండవచ్చు.' దాని కింద ఇంకో ముక్క, 'కొత్తగా చేయవలసిందేమీ లేదు.' నాకు నోరు లేదు. ఉన్న నోరల్లా ఆ రెండు వాక్యాలే. అవీ ఇంగ్లీషులో.

రాజుగారు నా దగ్గరికొచ్చి వాటిని చూశారు. 'ఇది ఎప్పుడూ ఏదో ఒకటి ఏడుస్తూనే ఉంటుంది' అని కిటికీ మూసేసినట్టు మూసేశారు. పాత ప్రోగ్రామునే పెన్‌డ్రైవులోకి ఎక్కించి, దానికి పసుపు దారం కట్టి, నా గడియారాన్ని మళ్ళీ సరైన టైముకు తిప్పి, కిందికి దిగారు. ఫొటోలు తీశారు. పళ్ళెంలో పెట్టిన పెన్‌డ్రైవు ఏసుపాదం చేతికి వెళ్ళింది. ఆయన కళ్ళకద్దుకున్నాడు. ఆ ఫొటో నేనక్కడ ఉన్నన్నాళ్ళూ గోడ మీద వేలాడింది.

పైకి వచ్చాక సుభాషిణి అడిగింది, 'అప్పుడే ఇచ్చేశారేంటండీ? అసలు పూర్తయిందా?'

'రెండు సెకన్లలో అయిపోయిందమ్మా! నీ మిషను గట్టిదే.'

రెండు సెకన్లు అనేసరికి ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. అప్పటికే చెరువుకు వెళ్ళిపోయిన ఏసుపాదానికి ఫోను చేసింది. ఎత్తలేదు. అతిథులకు వడ్డించే పని నెత్తినేశారు. 'రేపు పొద్దున్నే చెరువు దగ్గరికెళ్ళి చూసొస్తానండి' అంది. కుట్టుమిషను తేడాగా మోగితే ఆ పూటే మూత తీయాలని వాళ్ళ నాన్న నేర్పాడు. ఆ ఒక్కరోజు ఆమె మూత తీయలేదు. నాకు ఆమె మీద కోపం వచ్చింది కూడా ఆ ఒక్కరోజే.

శనివారం పొద్దున ఆమె బయల్దేరేలోపే ఫోను వచ్చింది. చెరువు తేలిపోయింది. తెల్లారేసరికి గట్టు చుట్టూ రొయ్య తెల్లగా పేరుకుపోయి ఉంది. రాత్రి కరెంటు పోయి వచ్చింది, ఆగిన ఏరేటర్లు మనిషి చేత్తో వేస్తేగాని మళ్ళీ తిరగవు, గంట మోగలేదు. తెర మీద అయిదు ఉంది. ఏసుపాదం మూడు నెలల తర్వాత మొదటిసారి హాయిగా నిద్రపోయాడు.

రాజుగారు పరుగున ఆఫీసుకొచ్చారు. అప్పటికే సుభాషిణి నా ముందు కూర్చుని ఉంది.

'అమ్మా, మనమంతా ఒక మాట మీద ఉండాలి. మీటరు కడగలేదు, పాకుడు పట్టింది, అందుకే అంకె తప్పొచ్చిందని చెబుదాం. కడగమని మనం చెప్పాం, ఏసుపాదమే కడగలేదు. కాదూ కూడదంటే నువ్వు రాసిందాంట్లోనే తప్పుందనాలి. నాకేం, నేను రాయలేదుగా.'

'ఆ తప్పు నేను నిన్న సరిచేశానండి.'

'సరిచేస్తే మరి రొయ్యెందుకు పోయిందమ్మా?'

నేను చేసిన ప్రతి పనీ, అన్న ప్రతి మాటా ఒక ఫైలులో రాసి పెట్టుకుంటాను. ఆ అలవాటు ఆమే నేర్పింది. మనుషులు కిటికీలు మూసేసుకోవచ్చు, నా రాత ఉంటుంది. ఆమె ఆ ఫైలు తెరిచింది. నా హెచ్చరిక కనిపించింది. దాని పక్కన తొమ్మిదీ పద్దెనిమిది అనే టైము. ఆమె రెండుసార్లు చదివింది. మెల్లగా తలెత్తింది.

'నిన్న దీని గడియారం ఎవరు ముట్టుకున్నారండీ?'

రాజుగారు గోడవైపు చూశారు. 'నేనే. ముహూర్తం కోసం కాస్త వెనక్కి జరిపాను. గోడ గడియారం తిప్పితే ఇల్లు కూలిపోతుందేంటమ్మా?'

ఆమె చెప్పింది. కూరగాయ, కూర, ఏది ముందు ఏది వెనక అంతా చెప్పింది. రాజుగారికి పూర్తిగా అర్థమైంది. అర్థమైందని నాకెలా తెలుసంటే, ఆయన వెంటనే అన్న మాట ఇది.

'ఆ రాత తీసెయ్.'

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు. ఏసుపాదం వచ్చాడు. చేతిలో బకెట్టు. బకెట్టు నిండా చచ్చిన రొయ్యలు. వాటిని రాజుగారి బల్ల మీద కాదు, పక్కన నేల మీద జాగ్రత్తగా పెట్టాడు. అంత కష్టంలోనూ బల్ల పాడవుతుందని ఆయనకు జంకు. అది చూసి నాకు రాజుగారి మీద ఉన్న జాలి కాస్తా పోయింది.

'చూడు ఏసుపాదం,' రాజుగారు గొంతు సవరించుకున్నారు, 'మీటరు కడగమని మరీ మరీ చెప్పాం. పాకుడు పడితే అంకె ఎలా వస్తుందయ్యా?'

'కడిగానండి. ఈ సేత్తోనే కడిగానండి నిన్న సాయంత్రం. అయిదు కనపడిందండి. తెల్లారి సూసినా అయిదేనండి. రొయ్యేమో గట్టెక్కి సచ్చిపోయి ఉందండి, బొమ్మలోనేమో అయిదు.' ఆయన సుభాషిణి వైపు తిరిగాడు. 'మేడంగారూ, మీరు పూచీ అన్నారు గదండీ.'

ఉద్యోగం ఒక పక్క, ఆ మాట ఒక పక్క. ఆమె లేచి నిలబడింది. తెరను ఆయనవైపు తిప్పింది.

'మీరు కడిగారండి. మీ తప్పేం లేదు. ప్రోగ్రాములో తప్పుంది, అది నాదే. నిన్న పదీ యాభైకి దిద్దాను. కానీ దిద్దింది మీకు రాలేదు, పాతదే వచ్చింది. ముహూర్తం టైము పడాలని దీని గడియారం వెనక్కి తిప్పారు. దాంతో ఇది పాతదాన్నే కొత్తదనుకుంది. నేను చూసుకొని ఇవ్వాల్సింది. హారతి పళ్ళెం పట్టుకొని నిలబడ్డాను. నన్ను క్షమించండి.'

ఏసుపాదం నా వైపు చూశాడు, గోడ గడియారం వైపు చూశాడు. ఆఖరికి రాజుగారి వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు.

'అయ్యగారండీ, గడియారం ఎనక్కి తిప్పితే పనైపోద్దంటే, నిన్న సాయంత్రానికి తిప్పండి బాబూ. అప్పటికి నా రొయ్య బతికే ఉందండి.'

'కాఫీ తెప్పించనా' అన్నారు రాజుగారు. ఏసుపాదం బకెట్టు అక్కడే వదిలేసి మెట్లు దిగిపోయాడు. ఆ బకెట్టు ఎవరు తీయాలని ఆఫీసులో మధ్యాహ్నం దాకా చర్చ జరిగింది. చివరికి తీసింది సుభాషిణే.

ఆ మాట సాయంత్రానికల్లా చెరువు గట్లన్నీ తిరిగింది. పులిహోర తిన్న నలభైమందిలో ఒక్కడూ 'కాపలా' జోలికి రాలేదు. సుభాషిణి మానేసింది. మానేసే ముందు నాలో ఒక పని చేసి పోయింది. టైము చూసే నియమం తీసేసి, ఫైలు లోపల ఏముందో చదివి, ఒక్క అక్షరం మారినా మళ్ళీ వండేలా కొత్త నియమం రాసింది. గడియారం చూడకు, సరుకు చూడు అన్నమాట. నా బతుకులో నేర్చుకున్న విద్యల్లో అది అన్నిటికంటే గొప్పది. దాన్ని వాడే అవకాశం మాత్రం నాకు రాలేదు.

ఎందుకంటే రాజుగారు సిద్ధాంతిగారిని పిలిపించారు. ఆయన వచ్చి, నేను నైరుతి మూల ఉన్నానని, పైగా అంతకుముందు పరాయి పెళ్ళిళ్ళ ముహూర్తాలన్నీ మోసిన యంత్రాన్నని, దోషమంతా నాలోనే ఉందని తేల్చారు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత వాళ్ళిద్దరిలో ఎవరికీ గుర్తురాలేదు. నన్ను బయటికి పంపడానికి కూడా వర్జ్యం లేని టైము చూశారు. మంగళవారం వద్దని బుధవారం దాకా ఆగారు.

ఇప్పుడు నేను ఉండి అనే ఊరికి వెళ్ళే రోడ్డులో పాత ఇనుప సామాన్ల కొట్లో, ఒక తుప్పు పట్టిన ఏరేటరు పక్కన ఉన్నాను. కొట్టతను నన్ను తెచ్చిన రోజే లోపల ఉన్న చిన్న బ్యాటరీ బిళ్ళ పీకి తన తూకం మిషనుకు పెట్టుకున్నాడు. నాకు టైము గుర్తుండేది ఆ బిళ్ళ వల్లే. ఇందాక పనిచేస్తానో లేదో చూద్దామని ఎవరో ఒకసారి ప్లగ్గు పెడితే, తెర మీద తేదీ వచ్చింది. ఒకటి, జనవరి, రెండు వేల తొమ్మిది. నేను పుట్టిన ఏడాది మొదటి రోజు. రాజుగారు పట్టుమని రెండు గంటలైనా తిప్పలేకపోయారు. నేనొక్కదాన్నే ఇన్నేళ్ళు వెనక్కి వెళ్ళిపోయాను. ఈ తేదీకి కోటిలింగంగారు నన్ను చూడనే లేదు. సుభాషిణి ఎవరికీ పూచీ పడలేదు. ఏసుపాదం రొయ్య అంతా బతికే ఉంది.

తెర ఆరిపోయింది. కొట్టు ముందు రోడ్డు మీద ఏసుపాదం సైకిలు నడిపించుకుంటూ వెళ్తున్నాడు. క్యారేజీ మీద సున్నం బస్తా ఉంది. ఖాళీ చేసి ఎండబెట్టిన చెరువులో చల్లడానికి. పక్కన సుభాషిణి నడుస్తోంది, చేతిలో మీటరు, సంచిలో ల్యాప్‌టాప్. ఆయన ఏదో అడుగుతున్నాడు. ఆమె ఈసారి పూచీ అనలేదు. 'ముందు నీళ్ళు పెట్టనివ్వండి ఏసుపాదంగారూ, ఇద్దరం గట్టు మీదే కూర్చుని చూద్దాం' అంటూ సాగిపోయింది.